నెప్ట్యూన్‌కి ఇంత నీలం ఎక్కడిది?

మా బడిలో ప్రపంచ అంతరిక్ష వారోత్సవ ప్రదర్శనకు గ్రహాల బొమ్మలు పెద్ద సైజులో ప్రింటు వేయించే పని నా మీద పడింది. ఏటా అక్టోబరు 4 నుంచి 10 దాకా జరిగే ఈ వారానికి శ్రీహరికోట దగ్గరి మా గూడూరు వైపు మంచి సందడి ఉంటుంది. రాకెట్టు లేచిందంటే మేడ మీదికి పరిగెత్తే పిల్లలు వీళ్లు. ప్రింట్లు వేసే స్టూడియో పెద్దాయన ఫిల్ము కాలం నుంచీ ఈ వృత్తిలో ఉన్నారు. ఆయన మేనకోడలు హైదరాబాదులో ఉపగ్రహ చిత్రాలు సరిచేసే ఉద్యోగంలో ఉంది, సెలవుకు వచ్చింది. నేనిచ్చిన బొమ్మలు తెర మీద తెరవగానే ఇద్దరికీ వాదం మొదలైంది. వింటూ కూర్చున్నాను. ఆ మాటలు పదిమందికీ చేరాలనిపించి రాస్తున్నాను.

మామయ్య: ఆగమ్మాయ్, ఇది ప్రింటుకి పంపొద్దు. ఏంది ఈ నీలం?

మేనకోడలు: నెప్ట్యూన్ మామయ్యా. 1989 ఆగస్టులో వొయేజర్ 2 దాని పక్కనుంచి పోతూ తీసింది. ఇప్పటిదాకా నెప్ట్యూన్ దగ్గరికి వెళ్లిన నౌక అదొక్కటే.

మామయ్య: తీసింది సరే, నీలం ఎవరు పోశారు? నెగెటివ్ మీద పెన్సిల్‌తో మొటిమలు మాయం చేసిన చెయ్యి ఇది. పెళ్లిచూపులకు పంపే ఫొటోలో చామనఛాయ పిల్లను తెల్లగా చేసిన చెయ్యి. నలుపు తెలుపు ప్రింటు మీద దూదితో చీరకు రంగు అద్దేవాణ్ణి, అసలు చీర ఏ రంగో నాకు తెలిసేది కాదు. ఇప్పుడు కంప్యూటర్లో కొత్త దంపతుల్ని మంచుకొండల ముందు నిలబెడతా ఉన్నాం. ఫొటో చేత అబద్ధం ఎట్టా చెప్పిస్తారో తెలిసినోణ్ణి కాబట్టే చెబుతున్నా, ఈ నీలం నాకు నమ్మబుద్ధి కావట్లేదు.

మేనకోడలు: ఈ నీలం సంగతి నేనే చెబుతాను, తప్పించుకోను. ముందు ఇది చెప్పండి. మీరు నమ్మే ఫొటో ఎట్టా ఉంటుంది?

మామయ్య: వెలుతురు లెన్సులోంచి వచ్చి ఫిల్ము మీద పడాలి. ఆ ఫిల్ము కడగాలి. కడిగిన నెగెటివ్ నా బీరువాలో ఉండాలి. ఎవరన్నా వచ్చి ఇది అబద్ధం అంటే దాన్ని తీసి లైటుకు పట్టి చూపించగలగాలి. అక్కడ నిలబడ్డవాడి కంటికి ఏం కనిపించిందో కాగితం మీద అంతవరకే ఉండాలి.

మేనకోడలు: ఫిల్ము కెమెరాలు కూడా అంతరిక్షంలోకి వెళ్లాయి మామయ్యా. 1959 అక్టోబరులో సోవియట్ వాళ్ల లూనా 3 చంద్రుడి అవతలి వైపుకు పోయి 29 ఫొటోలు తీసింది. భూమ్మీద ఎవరూ ఎప్పుడూ చూడని వైపు అది. ఫిల్ము కడగడం, హైపోలో పెట్టడం, ఆరబెట్టడం అన్నీ నౌకలోనే, మనిషి చెయ్యి పడకుండానే జరిగిపోయాయి. తర్వాత సన్నటి వెలుతురు చుక్కను ఆ ఫిల్ము మీద వరసలు వరసలుగా నడిపించి, ఎక్కడ ఎంత నలుపు ఉందో రేడియోలో పంపింది. 1966, 67లలో అమెరికా పంపిన ఐదు లూనార్ ఆర్బిటర్లలోనూ ఇదే పద్ధతి. వాటి కెమెరాలు కొడాక్ వాళ్లవి.

మామయ్య: డార్క్‌రూమ్ చంద్రుడి దాకా పోయిందా! అట్టయితే వాటిని ఫొటోలంటాను. మసకగా ఉన్నా, గీతలున్నా అంటాను.

మేనకోడలు: కానీ ఆ నెగెటివ్‌లు ఏవీ తిరిగి రాలేదు. మీరు లైటుకు పట్టి చూపించేందుకు బీరువాలో ఏమీ లేదు. మనకు చేరింది రేడియో సంకేతం. దాన్ని ఇక్కడ మళ్లీ బొమ్మగా మార్చుకున్నారు. మీరు నమ్మింది దాన్నే.

మామయ్య: ఊఁ.

మేనకోడలు: ఆ తర్వాత ఫిల్ము కూడా పోయింది, అంకెలు వచ్చాయి. 1965 జులైలో మారినర్ 4 అంగారకుడి పక్కనుంచి పోతూ 22 బొమ్మలు తీసింది, ఆఖరుది పూర్తి కాలేదు. ఒక్కో బొమ్మలో 200 వరసలు, వరసకు 200 చుక్కలు. ప్రతి చుక్కకూ 64 మెట్లలో ఒక అంకె, అక్కడ ఎంత వెలుతురు ఉందని. అవన్నీ టేపు మీద దాచుకుని సెకనుకు 8 బిట్ల చొప్పున పంపింది. ఒక్క బొమ్మ దిగడానికి 8 గంటలు. పాసడీనాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో ఇంజనీర్లకు ఆ టేపు రికార్డరు సరిగ్గా పనిచేసిందా లేదా అని ఒకటే ఆదుర్దా. యంత్రం బొమ్మ గీసి ఇచ్చేదాకా ఆగలేకపోయారు. అంకెలు అచ్చయిన కాగితపు పట్టీలు తెచ్చి గోడకు వరసగా అంటించారు. రిచర్డ్ గ్రమ్ అనే ఇంజనీరు అంగడికి పోయి పేస్టెల్ రంగులు కొనుక్కొచ్చాడు. చీకటి అంకెకు ముదురు గోధుమ, వెలుతురు అంకెకు పసుపు, అట్టా చేత్తో రంగులు దిద్దుకుంటూ పోయారు.

మామయ్య: అదిగో, నేననేది అదే కదా! దగ్గర్నుంచి తీసిన మొట్టమొదటి అంగారకుడి బొమ్మే చేత్తో రంగు వేసిందయ్యె!

మేనకోడలు: రంగు చేత్తోనే వేశారు. ఆ రంగులే ఎందుకంటే అంగట్లోంచి ఏరుకున్నవి అవి కాబట్టి. కానీ ఏ గడిలో ఏ రంగు పడాలో చెప్పింది అంకె. ఆ బొమ్మను ఇప్పటికీ చట్రం కట్టి అక్కడే ఉంచారు. దగ్గరికి పోయి చూస్తే రంగు కింద అంకెలు కనిపిస్తాయి. మీరు చీరకు రంగు అద్దినప్పుడు దాని కింద ఏముంది మామయ్యా? ఆ రంగు ఎందుకు పడిందో చెప్పే ఆధారం ఏమన్నా ఉందా?

మామయ్య: ఏముంటుంది, నా ఊహే.

మేనకోడలు: నా వాదమంతా ఆ తేడా మీదే నిలబడి ఉంది. బొమ్మ మీద చెయ్యి పడిందా లేదా అని కాదు, పడిన చెయ్యి ఏం చేసిందో కింద కనిపిస్తా ఉందా లేదా అని చూడండి.

ఈ మాటకు ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. నాకైతే ఆ గోడ మీది కాగితపు పట్టీలు, ఆదుర్దాతో రంగులు దిద్దుతున్న ఇంజనీర్లు కళ్లకు కట్టారు. అంతరిక్ష ప్రదర్శనల్లో ముందు ఉండాల్సింది ఆ బొమ్మే అని నా అభిప్రాయం. గ్రహాల ఫొటో ఎట్టా తయారవుతుందో దానంత విప్పి చెప్పేది ఇంకోటి లేదు.

మామయ్య: అదంతా పాత కథ. ఇప్పుడు ఫోను తీసి నొక్కితే రంగు దానంతట అదే వస్తా ఉందిగా. అట్టాంటి కెమెరా ఒకటి పెట్టి పంపితే ఈ గొడవే ఉండదు.

మేనకోడలు: దానంతట అది రాదు మామయ్యా. ఫోను సెన్సరుకు రంగు తెలీదు, వెలుతురు ఎంతో మాత్రమే తెలుస్తుంది. అందుకని ఒక్కో చుక్క మీద ఎరుపో పచ్చో నీలమో ఒక్క ఫిల్టరు కప్పుతారు. కొడాక్‌లో బ్రైస్ బేయర్ కనిపెట్టిన అమరిక అది, 1976లో పేటెంటు వచ్చింది. ఎర్ర ఫిల్టరు కిందున్న చుక్కకు పచ్చ ఎంతో, నీలం ఎంతో తెలియదు. పక్క చుక్కల్ని చూసి ఫోనే లెక్కగట్టుకుంటుంది. మీరు నిన్న తీసిన పాస్‌పోర్టు ఫొటోలో కూడా రంగులో మూడింట రెండొంతులు అంచనా లెక్కే. మన మంగళయాన్‌లో పెట్టిన రంగుల కెమెరా కూడా ఇదే రకం. 2013 నవంబరులో మన శ్రీహరికోట నుంచే కదా పోయింది.

మామయ్య: మరి అన్నిట్లో అదే పెట్టొచ్చుగా?

మేనకోడలు: ఫిల్టరు కప్పిన ప్రతిసారీ వెలుతురు పోతుంది. మంగళయాన్‌కి ఎండ ఉంది. ప్లూటో దగ్గర మనకు పడే ఎండలో వెయ్యో వంతే ఉంటుంది. మీరు పెళ్లి పందిట్లో వెలుతురు తక్కువైతే ఏం చేసేవాళ్లు?

మామయ్య: పెద్ద ఎపర్చరు, ఎక్కువ స్పీడు ఫిల్ము, నిదానం షట్టరు. అదీ చాలకపోతే ఫ్లాష్. నిదానం షట్టరు పెడితే మనిషి కదలకూడదు, కదిలితే సాగిపోతాడు.

మేనకోడలు: ఫ్లాష్ ఎట్టాగూ లేదు. ఇక కదలకుండా ఉండడం. న్యూ హొరైజన్స్ అనే నౌక ప్లూటో పక్కనుంచి పోయింది సెకనుకు దాదాపు 14 కిలోమీటర్ల వేగంతో. షట్టరు సెకనులో పదో వంతు తెరిచి ఉంచినా ఆ లోపలే కిలోమీటరు పైన జరిగిపోతుంది. ఆగే వీల్లేదు. ఆగాలంటే మోయలేనంత ఇంధనం కావాలి. 2006 జనవరిలో బయల్దేరి తొమ్మిదిన్నరేళ్లు ప్రయాణం చేసింది. 2015 జులై 14న ఒక్క రోజు, అందులోనూ కొద్ది గంటలు, అంతే అవకాశం. రెండోసారి తీద్దామంటే కుదరదు.

మామయ్య: తాళి కట్టేటప్పుడు తీసే ఫొటోకి మాత్రం రెండోసారి ఉంటుందా? అది నాకు తెలుసు. కెమెరా ఎట్టాంటిది?

మేనకోడలు: లారీ అంటారు దాన్ని. 21 సెంటీమీటర్ల అద్దం ఉన్న టెలిస్కోపు, దాని వెనక 1024 వరసలు, వరసకు 1024 చుక్కల సెన్సరు. నలుపు తెలుపే, ఫిల్టర్లు లేవు, దొరికిన వెలుతురంతా తీసుకుంటుంది. కిలోమీటరు దూరంలో ఉన్న పెసర గింజ దాని బొమ్మలో ఒక చుక్కంత ఉంటుంది. మన కన్ను ఆ దూరంలో విడివిడిగా గుర్తుపట్టాలంటే వస్తువు అడుగు సైజన్నా ఉండాలి. ఇంకో సంగతి వింటే మీకు నచ్చుతుంది. ఫోకస్ తిప్పే ఏర్పాటే లేదు దానికి. అద్దం, దాన్ని పట్టి ఉంచే చట్రం రెండూ సిలికాన్ కార్బైడ్‌తో చేశారు. ఎంత చలికైనా రెండూ ఒకే తీరున కుంచించుకుంటాయి, అందుకే ఫోకస్ చెడదు. విరగడానికి, ఇరుక్కుపోవడానికి కదిలే భాగం ఉండకూడదని అట్టా కట్టారు.

మామయ్య: మంచి పనోళ్లు. కదలిక మాటేంది మరి?

మేనకోడలు: కెమెరాను నౌకకే బిగించేశారు. విడిగా తిరిగే మెడ లేదు. ప్లూటో వైపు చూడాలంటే నౌక మొత్తం తిరగాలి. షట్టరు తెరిచి ఉన్నంతసేపూ నౌకే నెమ్మదిగా తిరుగుతూ ప్లూటోను చూపులో నిలబెడుతుంది.

మామయ్య: ప్యానింగ్! పరుగు పందెంలో పిల్లాణ్ణి తీసేటప్పుడు కెమెరా వాడితోపాటే తిప్పుతాం. వాడు స్పష్టంగా వస్తాడు, వెనక గోడ సాగిపోతుంది.

మేనకోడలు: సరిగ్గా అదే. కాకపోతే ఇక్కడ తిప్పేది నౌకనే. అట్టా తిప్పినప్పుడు యాంటెన్నా భూమి వైపు ఉండదు కాబట్టి ఆ గంటల్లో దానికీ మనకూ మాటల్లేవు. ఏ నిమిషంలో ఏ వైపు తిరగాలో ముందే రాసిచ్చిన పట్టీ ప్రకారం తనంతట తనే చేసుకుపోయింది. పట్టీ పనికిరావాలంటే ప్లూటో ఆ క్షణంలో ఎక్కడ ఉంటుందో కచ్చితంగా తెలియాలి. అందుకోసం వారాల ముందు నుంచీ అదే కెమెరాతో నక్షత్రాల మధ్య ప్లూటోను తీస్తూ దారి సరిచూసుకున్నారు. 477 కోట్ల కిలోమీటర్ల దూరంలో, 60 కిలోమీటర్లకు 90 కిలోమీటర్ల కిటికీలోంచి దాన్ని పోనిచ్చారు.

మామయ్య: అంగారకుడి చుట్టూ, చంద్రుడి చుట్టూ తిరిగేవీ అట్టాగే తిరిగి తిరిగి తీస్తాయా?

మేనకోడలు: అక్కడ ఇంకో ఉపాయం ఉంది. మార్స్ రికానసెన్స్ ఆర్బిటర్‌లో హైరైజ్ అని అర మీటరు అద్దం ఉన్న కెమెరా ఉంది. 300 కిలోమీటర్ల ఎత్తు నుంచి నేల మీద ఒక్కో చుక్క 30 సెంటీమీటర్లు. కింద నేల సెకనుకు 3.4 కిలోమీటర్ల వేగంతో జరిగిపోతుంది. లెక్క వేసుకోండి, ఒక్కో వరసకు దొరికే సమయం సెకనులో 11 వేలో వంతు. అంతలో పడే వెలుతురు దేనికీ చాలదు. అందుకని ఏం చేస్తారంటే, సెన్సరులో ఒక చుక్క దగ్గర పోగైన విద్యుదావేశాన్ని, నేల ఎంత వేగంగా జరుగుతుందో అంతే వేగంగా పక్క వరసకు జరుపుతారు. అక్కడ అదే నేల ముక్క వెలుతురు ఇంకాస్త కలుస్తుంది. మళ్లీ పక్క వరసకు. అట్టా 128 వరసల దాకా పోగుచేసుకోవచ్చు. కెమెరా తిరగదు, బొమ్మే సెన్సరు లోపల నడుస్తుంది.

మామయ్య: ప్యానింగ్ సెన్సరు లోపలే జరిగిపోయింది!

మేనకోడలు: ఔను. 2008 మే 25న ఫీనిక్స్ నౌక అంగారకుడి మీద దిగుతుంటే, పారాచూట్‌కు వేలాడుతున్నప్పుడు హైరైజ్ దాన్ని తీసింది. మన చంద్రయాన్-2లో ఉన్న ఓహెచ్‌ఆర్‌సి 100 కిలోమీటర్ల ఎత్తు నుంచి 25 సెంటీమీటర్ల చుక్క తీయగలదు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 విక్రమ్ దిగిన చోటును అదే తీసింది. మాస్టారు ఇచ్చిన బొమ్మల్లో ఉంది చూడండి.

మామయ్య: దీంతో నాకు పేచీ లేదు. నలుపు, తెలుపు, నీడ. నీడ ఉందంటే వస్తువు ఉన్నట్టే. ఇది వేస్తాను. ఈ ప్లూటో మాత్రం వెయ్యను. ఒక పక్క కాషాయం, ఒక పక్క తెలుపు, పైన పసుపు. నువ్వే చెప్పావు లారీది నలుపు తెలుపని.

మేనకోడలు: రంగు రాల్ఫ్ అనే ఇంకో కెమెరాది. ఈ బొమ్మలో లారీ తీసిన నాలుగు ఫ్రేములు అతికి, రాల్ఫ్ నీలం, ఎరుపు, కంటికి కనపడని పరారుణం ఈ మూడు ఫిల్టర్లలో తీసినవి దాని మీద కలిపారు. తర్వాత రంగుల మధ్య తేడాను పెంచారు.

మామయ్య: పెంచారు కదా! చామనఛాయను తెలుపు చేసినట్టే.

మేనకోడలు: కాదు మామయ్యా. మీరు ఒక్క ముఖాన్ని ఎంచుకుని తెల్లగా చేశారు, ఆ పిల్ల పక్కన నిలబడ్డ చెల్లెల్ని అట్టాగే వదిలేశారు. ఇక్కడ బొమ్మ మొత్తానికీ ఒకే సూత్రం. కొంచెం ఎర్రగా ఉన్నది బాగా ఎర్రగా కనిపిస్తుంది కానీ, తక్కువ ఎరుపున్న చోటు ఎక్కువ ఎరుపున్న చోటును దాటి పోదు. అది ఎందుకు చేశారంటే, ఆ తెల్లటి మైదానం నైట్రోజన్ మంచు, పక్కన ఆ ఎర్రటి నేల వేరే పదార్థం. కంటికి ఆ రంగుల తేడా ఇంత ఎక్కువగా కనిపించదు. తేడా పెంచితే వేరువేరు రకాల నేలలని బాగా తెలుస్తుంది. కంటికి కనిపించే రంగుకు దగ్గరగా లెక్కగట్టిన బొమ్మ కూడా 2018లో విడుదల చేశారు. అదీ ఇక్కడుంది.

మామయ్య: ఇదా... ఇది వెలిసిపోయిన గోడలా ఉంది. కానీ ఇదే నిజం అంటున్నావు.

మేనకోడలు: రెండూ ఆ వెలుతురు లోంచి వచ్చినవే. మీరు అడిగిన ప్రశ్నకు, అక్కడ నిలబడ్డవాడికి ఏం కనిపిస్తుందన్న దానికి, ఇది జవాబు. నేల దేనితో అయింది అన్న ప్రశ్నకు అది జవాబు. ఇంకోటి చూపిస్తాను, ప్లూటో మొత్తం పటం. ఈ సగం ఇంత స్పష్టంగా ఉంది, ఈ సగం మసక. కింద ఈ భాగం ఒట్టి నలుపు. ఎందుకో చెప్పండి.

మామయ్య: ఫైలు చెడిపోయిందా?

మేనకోడలు: లేదు. ప్లూటో తన చుట్టూ తాను తిరగడానికి 6.4 రోజులు పడుతుంది. నౌక దగ్గరికి వచ్చినప్పుడు ఒక వైపే కనిపించింది. రెండో వైపు మూడు రోజుల ముందు, దూరం నుంచి తీసిందే దక్కింది. దక్షిణాన చాలా ఏళ్లుగా పొద్దు పొడవలేదు. వెలుతురు లేదు కాబట్టి బొమ్మ లేదు. మసకను మసకగా ఉంచారు, లేనిదాన్ని నలుపుగా వదిలేశారు.

మామయ్య: పూడ్చలేదా? పక్క ముక్క తెచ్చి అతికితే ఎవరికి తెలుస్తుంది? మా వాళ్లు పెళ్లి ఆల్బమ్‌లో ఇంత ఖాళీ ఉంచితే డబ్బులివ్వరు.

మేనకోడలు: పూడిస్తే తర్వాత వచ్చేవాడికి ఏది తీశారో ఏది తియ్యలేదో తెలీదు.

మామయ్య: ఈ పటం వెయ్యి. పెద్దది వెయ్యి. ఈ నలుపు నాకు నచ్చింది. పిల్లలకు చెప్పండి మాస్టారూ, ఇది ఎవరూ చూడని చోటని.

మేనకోడలు: ఇంకొకటుంది మీకు నచ్చేది. దగ్గరికి వచ్చి దాటిపోయిన 15 నిమిషాలకు, 18,000 కిలోమీటర్ల దూరం నుంచి వెనక్కి తిరిగి తీసింది. ఎదర సూర్యుడు. పర్వతాల నీడలు పొడుగ్గా పడ్డాయి, పైన సన్నటి పొగమంచు పొరలు పది పన్నెండుకు పైనే కనిపిస్తాయి. ఆ కొండల్లో ఒక వరసకు టెన్సింగ్ పేరు పెట్టారు. చాలా ఎత్తైన మంచు కొండలు, నీటి మంచు. ఎదురు వెలుతురులో కాకపోతే ఆ పొగమంచు అంత బాగా తెలిసేది కాదు.

మామయ్య: ఎదురు వెలుతురులో తీసే ధైర్యం అందరికీ ఉండదు. (చాలాసేపు చూశారు.) ఇది తీయడానికి పట్టీ రాసినోడికి వెలుతురు తెలుసు.

మేనకోడలు: ఆ బొమ్మలు మన చేతికి రావడానికి ఎంతకాలం పట్టిందో తెలుసా? రేడియో సంకేతం రావడానికే నాలుగున్నర గంటలు. అదీ సెకనుకు ఒకటి రెండు వేల బిట్లు. ఒక్క బొమ్మను బాగా కుదించి పంపినా 40 నిమిషాలకు పైన. అందుకే ముందు కొన్నింటిని, వివరం కొంత పోయినా పర్వాలేదని కుదించి పంపారు, తర్వాత అసలువి మొత్తం. ఆఖరి ముక్క వచ్చింది 2016 అక్టోబరు 25న. అంటే 15 నెలలు.

మామయ్య: అసలువి ఎక్కడున్నాయి ఇప్పుడు?

మేనకోడలు: నాసా గ్రహాల భాండాగారంలో. మీ కంప్యూటర్లోంచి ఇప్పుడే దించుకోవచ్చు. రంగు వేయనివి, మచ్చలు తీయనివి, కాస్మిక్ కిరణం తగిలి పడిన తెల్ల చుక్కలతో సహా. ఒక్కోదానితో ఎంతసేపు షట్టరు తెరిచారు, సెన్సరు ఎంత చల్లగా ఉంది, నౌక ఎటు తిరిగి ఉంది అన్నీ రాసి ఉంటాయి. మీరు బీరువాలో పెట్టిన నెగెటివ్ ఇదే మామయ్యా. కాకపోతే బీరువా తాళం అందరి దగ్గరా ఉంది. గురు గ్రహం దగ్గర తిరుగుతున్న జూనో నౌక కెమెరా బొమ్మల్ని అయితే ముడివి అట్టాగే బయట పెడతారు. శాస్త్రవేత్తలు కానివాళ్లు, ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్లు, వాటిని బొమ్మలుగా మలుస్తారు. ఒకే ముడి ఫ్రేము నుంచి నలుగురు నాలుగు రకాలుగా చేస్తారు. నాలుగింట్లోనూ ఉన్న తుఫాను నిజమైన తుఫాను.

మామయ్య: తాళం అందరి దగ్గరున్నా తెరిచి చూసేది ఎంతమంది? మా పిల్లలు గోడ మీది బొమ్మ చూసి పోతారు.

మేనకోడలు: తెరిచి చూసేవాళ్ల వల్ల ఏం దొరుకుతుందో చెబుతాను. 1979 మార్చిలో వొయేజర్ 1 గురు గ్రహాన్ని దాటాక, దారి సరిచూడ్డానికి ఉపగ్రహం అయో ఫొటో ఒకటి తీసింది. వెనక నక్షత్రాలు కనిపించాలని ఎక్కువ వెలుతురు పడనిచ్చారు. అందం కోసం తీసింది కాదు, అయో తెల్లగా మాడిపోయింది అందులో. లిండా మొరాబిటో అనే నావిగేషన్ ఇంజనీరు నక్షత్రాలు వెతకడానికి మసక భాగాన్ని పెంచి చూసింది. అయో అంచు బయట ఏదో లేచి ఉంది. ముందు ఇంకో ఉపగ్రహమా అనుకున్నారు, కెమెరా లోపమా అని చూశారు. ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ వచ్చాక మిగిలింది అగ్నిపర్వతం. భూమి బయట మండుతున్న అగ్నిపర్వతాన్ని మనిషి చూడడం అదే మొదలు. ఆమె పెంచకపోయుంటే?

మామయ్య: పెంచి చూసింది, సరే. డాక్టరు ఎక్స్‌రే చూసినట్టు చూసింది. గోడకు వేలాడదీసి ఇదే అయో అని చెప్పలేదు కదా. నా గొడవ అంతా గోడ మీదే.

ఇక్కడ నేను మామయ్య పక్షం. పరిశోధించేవాళ్ల చేతిలో పెంచిన రంగు పనిముట్టు. గోడ ఎక్కాక అది గ్రహం ముఖమైపోతుంది. పిల్లలు ఆ ముఖాన్నే జీవితాంతం గుర్తుపెట్టుకుంటారు.

మేనకోడలు: గోడ సంగతికొస్తే, తప్పులు జరిగాయి. 1976 జులైలో వైకింగ్ 1 అంగారకుడి మీద దిగి పంపిన మొదటి రంగుల ఫొటోను ఆకాశం నీలంగా ఉండేట్టు విడుదల చేశారు. తర్వాత నౌక మీద అంటించి పంపిన రంగు పలకల్ని చూసి సరిచేస్తే, ఆకాశం లేత గులాబీ రంగులోకి వచ్చింది. గాల్లో తేలే దుమ్ము వల్ల.

మామయ్య: ఎట్టా జరిగిందో నాకు తెలుసు. కన్ను అలవాటైన రంగు వైపే లాగుతుంది. ఆకాశం అంటే నీలం అని చెయ్యి తిప్పేస్తుంది. మేం చర్మం రంగు అట్టాగే సరిచేస్తాం.

మేనకోడలు: అందుకే ఆ పలకలు. ఇప్పటికీ అంగారకుడి రోవర్ల మీద ఉంటాయి. క్యూరియాసిటీ మీద వాటి పక్కన 1909 నాటి అమెరికా పెన్నీ నాణెం కూడా పెట్టారు. తెలిసిన రంగు, తెలిసిన సైజు పక్కనుంటే కన్ను మోసం చెయ్యలేదు.

మామయ్య: నెప్ట్యూన్ పక్కన పలక పెట్టారా?

మేనకోడలు: లేదు. అక్కడే దెబ్బ తిన్నాం. వొయేజర్ కెమెరాకు ఎరుపు ఫిల్టరు కూడా లేదు, నారింజ ఉంది. అప్పుడు నెప్ట్యూన్ మీద కనిపించిన మేఘాలు, పట్టీలు, ఒక పెద్ద చీకటి మచ్చ చాలా లేతవి. అవి తెలియాలని కాంట్రాస్టు పెంచారు, నీలం ముదిరింది. అప్పట్లో ఆ సంగతి కింద రాశారు కూడా. కానీ బొమ్మ ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి పోతూ ఉంటే కింద రాసింది రాలిపోయింది. యురేనస్ లేత ఆకుపచ్చ, నెప్ట్యూన్ ముదురు నీలం అని మేమంతా చదువుకున్నాం. 2024 జనవరిలో ఆక్స్‌ఫర్డ్‌లో పాట్రిక్ ఇర్విన్, ఆయన తోటివాళ్లు హబుల్, చిలీలోని పెద్ద టెలిస్కోపుల కొలతలతో వొయేజర్ బొమ్మల్ని మళ్లీ సరిచేశారు. రెండు గ్రహాలూ దాదాపు ఒకే ఆకుపచ్చ నీలం. నెప్ట్యూన్ కాస్తంత ఎక్కువ నీలం, అంతే.

మామయ్య: అంటే ముప్పై నాలుగేళ్లు.

మేనకోడలు: ముప్పై నాలుగేళ్లు. శాస్త్రవేత్తలకు తెలుసు, మిగతావాళ్లకు తెలీదు. అయితే మళ్లీ సరిచెయ్యగలిగారు, ఎందుకంటే ముడి అంకెలు అట్టాగే ఉన్నాయి. మీరు అద్దిన చీర రంగును ఇప్పుడు ఎవరు సరిచెయ్యగలరు?

మామయ్య: ఎవరూ చెయ్యలేరు. ఆ మాట ఒప్పుకుంటాను. నువ్వూ ఒకటి ఒప్పుకో. బొమ్మ తప్పు కాదు, కింద రాసింది రాలిపోవడం తప్పంటున్నావు. రాలిపోయేట్టు ఎందుకు రాశారు?

మేనకోడలు: క్యాప్షన్ విడిగానే ఉంటుంది కదా మామయ్యా, ఎక్కడైనా.

మామయ్య: మా దగ్గర విడిగా ఉండేది కాదు. గ్రూపు ఫొటో తీస్తే స్టూడియో పేరు, ఊరు, సంవత్సరం నెగెటివ్ మీదే నల్ల సిరాతో తిరగేసి రాసేవాళ్లం. ప్రింటు వేస్తే తెల్లగా, సరిగ్గా వచ్చేది. ఆ నెగెటివ్ నుంచి ఎన్ని ప్రింట్లు వేసినా ప్రతిదాని మీదా అది వచ్చి తీరేది. ఎవడూ కత్తిరించుకుపోకుండా పాదాల పక్కన, బొమ్మ లోపలే రాసేవాళ్లం.

మేనకోడలు: బొమ్మ లోపల రాస్తే గ్రహం మీద అక్షరాలు పడతాయి.

మామయ్య: గ్రహం చుట్టూ ఇంత నల్లటి ఖాళీ ఉంటే చోటు లేదంటావేం? అంచుకు రాయొద్దు, కత్తిరిస్తారు. గ్రహానికి ఆనుకుని రాయి. ఫోనులో ఫొటో తీసుకుపోయినా అక్షరాలు వెంట పోవాలి.

మేనకోడలు: అట్టా అయితే ముదురు నీలం నెప్ట్యూన్ కూడా వేస్తారా?

మామయ్య: రెండూ పక్కపక్కన వేస్తాను. ఒక్కటే అయితే వెయ్యను. రాసుకో. వొయేజర్ 2, 1989 ఆగస్టు. కాంట్రాస్టు పెంచిన బొమ్మ. కంటికి ఇంత నీలం కనిపించదు.

మేనకోడలు: ఇంకో వాక్యం కావాలి. మేఘాలు, చీకటి మచ్చ నిజంగా ఉన్నవే, అవి కనిపించాలనే పెంచారు.

మామయ్య: అది కూడా రాయి. అక్షరాలు అదే సైజులో.